విప్పని ఫారానికి మూడు వందల ఏళ్లు

పుస్తకం పేజీలన్నీ కట్టడం పూర్తయ్యాక ఇన్‌డిజైన్‌లో పీడీఎఫ్ తీయబోతే అది ముందుగా ఒక పేరు అడుగుతుంది. ప్రెస్ క్వాలిటీయా, హై క్వాలిటీ ప్రింటా, స్మాలెస్ట్ ఫైల్ సైజా? డీటీపీ సెంటర్లలో పనిచేసేవాళ్లు రోజుకు ఎన్నిసార్లు ఈ పేర్లలో ఒకదాన్ని నొక్కుతారో వాళ్లకే లెక్క ఉండదు. నొక్కగానే పదుల కొద్దీ నిర్ణయాలు ఒక్కసారిగా కుదురుకుంటాయి. బొమ్మల సాంద్రత ఎంత ఉండాలి, రంగులు నాలుగు సిరాల లెక్కలోకి మారాలా వద్దా, ఫాంట్లు ఫైల్‌లోనే ఇమడాలా, కటింగ్ మార్కులు పడాలా అన్నవన్నీ ఎవరో ఒకసారి తీరిగ్గా ఆలోచించి, సరిచూసి, పేరు పెట్టి భద్రపరిచారు. ఆ భద్రపరిచిన అమరికనే ప్రీసెట్ అంటున్నాం.

ఒకసారి చేసిన పనిని మళ్లీ మొదటి నుంచి చేయకుండా దాచుకోవాలన్న ఈ కోరిక కంప్యూటర్‌తో పుట్టలేదు. 1725లో ఎడిన్‌బరోకు చెందిన విలియమ్ గెడ్ అనే కంసాలి ఇదే కోరికతో ఒక పనికి పూనుకున్నాడు. దానికి మూడు వందల ఏళ్లు నిండాయి. అచ్చు చరిత్రలో గూటెన్‌బర్గ్‌కు దక్కిన పేరులో వందో వంతు కూడా గెడ్‌కు దక్కలేదు. ఆ బాకీ కొంతైనా తీర్చాలనిపించి ఈ వ్యాసం.

గెడ్‌కు ముందు కథ చాలా పొడవైనదే కానీ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. చైనా, కొరియాల్లో తొలి ముద్రకులు పేజీ మొత్తాన్ని చెక్క మీద తిరగేసి చెక్కేవారు. చెక్క ఉన్నంతకాలం పేజీ ఉన్నట్టే. పదమూడో శతాబ్దంలో చెక్కిన బౌద్ధ త్రిపిటకం పలకలు 81,000కు పైగా దక్షిణ కొరియాలోని హేఇన్సా ఆలయంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. పదిహేనో శతాబ్దం నడిమికి గూటెన్‌బర్గ్ లోహపు అక్షరాలను విడివిడిగా పోతపోయడంతో అచ్చుకు వేగం వచ్చింది, పొదుపు వచ్చింది. ఈ లాభం వెంటే ఒక నష్టమూ వచ్చింది. అక్షరాలు ఖరీదైనవి, ఏ ప్రెస్‌లోనూ సరిపడా ఉండేవి కావు. నాలుగు పేజీలు అచ్చయ్యాయో లేదో ఫారం (చట్రంలో బిగించిన పేజీల కట్టు) విప్పేసి, అక్షరాలను కడిగి, తిరిగి కేసుల్లో ఎక్కడివక్కడ వేసుకోవాలి. అదే పుస్తకం రెండో ముద్రణ కావాలంటే మళ్లీ కంపోజింగ్, మళ్లీ ప్రూఫులు, మళ్లీ కొత్త తప్పులు. బైబిల్, ప్రార్థన పుస్తకాల వంటి వాటికి ఏటా గిరాకీ ఉండేది. ఏటా అదే చాకిరీ చేయాల్సి వచ్చేది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో హాలండ్‌లోని లైడెన్‌లో యోహాన్ ముల్లర్ పేజీల అక్షరాలను అడుగువైపు నుంచి అతికించి బైబిల్‌ను కట్టినది కట్టినట్టే ఉంచాడు. కానీ అంత లోహం ఒక్క పుస్తకానికే బందీ అయిపోతే ఏ ముద్రకుడూ తట్టుకోలేడు.

గెడ్ ముద్రకుడు కాదు, బంగారం పని చేసేవాడు. అప్పట్లో స్కాట్లండ్‌లో మంచి టైపు దొరికేది కాదు. లండన్ నుంచో హాలండ్ నుంచో తెప్పించుకునేవారు. ఆ ఇబ్బంది గురించి వాపోతున్న ఒక ముద్రకుడు గెడ్‌తో మాటల్లో, విడి అక్షరాలు కాకుండా కట్టిన పేజీ మొత్తాన్ని పోతపోయడం నీకు సాధ్యమవుతుందా అని అడిగాడు. నగలకు అచ్చు తీసి పోతపోసే చేతికి ఆ ప్రశ్న తగలాల్సిన చోటే తగిలింది. కట్టిన పేజీ మీద జిప్సం ముద్ద పరిచి ముద్ర తీయడం, అది గట్టిపడ్డాక అందులో కరిగిన లోహం పోయడం, చల్లారాక పలకను బయటికి తీసి వెనుకవైపు చదును చేయడం గెడ్ పట్టుకున్న పద్ధతి. పలక చేతికొచ్చాక అసలు అక్షరాలను నిశ్చింతగా కేసుల్లో వేసుకోవచ్చు. పేజీ మాత్రం పలకలో ఉండిపోతుంది. ఎన్నేళ్ల తర్వాత కావాలన్నా అదే పేజీ, అవే వరసలు, దిద్దిన తప్పులు దిద్దినట్టే.

ఊళ్లో దొరికిన మొదటి భాగస్వామి ఖర్చుకు జడిసి వెనక్కి తగ్గాడు. 1729లో లండన్ స్టేషనర్ విలియమ్ ఫెన్నర్ ముందుకొచ్చాడు. టైపు పోతపోసే థామస్ జేమ్స్, అతని సోదరుడూ వాస్తుశిల్పీ అయిన జాన్ జేమ్స్ కూడా కలిశారు. 1731లో ఈ బృందానికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం బైబిళ్లు, ప్రార్థన పుస్తకాలు అచ్చువేసే హక్కును లీజుకిచ్చింది. గెడ్ పద్ధతి నిలదొక్కుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

అక్కడే దెబ్బతిన్నాడు. జరిగిందంతా అతని జీవిత స్మృతుల్లో ఉంది. ఆ పుస్తకం అతను పోయిన చాలా ఏళ్లకు, 1781లో వెలువడింది. థామస్ జేమ్స్ అరిగిపోయిన, లోపాలున్న అక్షరాలు పంపాడన్నది గెడ్ ఫిర్యాదు. కంపోజిటర్లు చేసింది అంతకంటే ఘోరం. ప్రూఫులో చూపించిన ఒక తప్పు దిద్దుతూ కావాలని మరో అరడజను తప్పులు చొప్పించేవారు. యజమాని కంటపడకుండా మెషీన్‌మెన్ అక్షరాల మొహాలను నలగ్గొట్టేవారు. ఆ పేజీలనే జిప్సంలో ముద్ర తీసి పలకలుగా పోతపోశారు. అంటే తప్పులు కూడా భద్రమైపోయాయి. చివరికి రెండు ప్రార్థన పుస్తకాలు మాత్రమే బయటికొచ్చాయి. వాటినీ నిలిపేశారు, పలకలను కరిగించేశారు.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది కంపోజిటర్లను దుర్మార్గుల కింద కట్టి వదిలేస్తారు. నేను ఒప్పుకోను. ఏటేటా అవే పుస్తకాలు మళ్లీ కంపోజ్ చేయడమే ఆ కుటుంబాలకు తిండి పెట్టేది. పేజీ శాశ్వతంగా నిలిచిపోతే తమ బతుకేమిటని వాళ్లను అడిగినవాడు లేడు, వాళ్లకు చెప్పినవాడూ లేడు. వాళ్లు చేసింది తప్పే, వాళ్ల భయం మాత్రం నిజం. అమరికను దాచడానికి పూనుకున్నవాళ్లు ఆ అమరిక చేసే చేతులను పక్కన పెట్టేశారు. గెడ్ ఓటమికి నాకు కనిపించే అసలు కారణం అదే.

1733లో గెడ్ వట్టిచేతులతో ఎడిన్‌బరో చేరాడు. అక్కడి కంపోజిటర్లూ అతనికి పని చేయడానికి ఇష్టపడలేదు. అప్పుడతను తన కొడుకు జేమ్స్‌ను ఒక ముద్రకుడి దగ్గర పనికి పెట్టాడు. కుర్రవాడు పని నేర్చుకుని, రాత్రిళ్లు ప్రెస్‌లో పనివాళ్లంతా వెళ్లిపోయాక తండ్రి కోసం పేజీలు కట్టేవాడు. తెల్లారేలోగా ఆ పేజీ మీద ముద్ర తీసుకోవాలి. అలా ఒక్కో పేజీ పోగుచేసి 1739లో రోమన్ చరిత్రకారుడు సాలస్ట్ పుస్తకాన్ని తెచ్చారు. ఇది విడి అక్షరాలతో కాక పోతపోసిన పలకలతో అచ్చయిందని, అచ్చువేసినవాడు ఎడిన్‌బరో కంసాలి విలియమ్ గెడ్ అని ముఖపత్రం మీదే లాటిన్‌లో ప్రకటించుకున్నాడు. ఆ గర్వం చూస్తే ముచ్చటేస్తుంది. 1744లో రెండోసారి అచ్చు కావాల్సినప్పుడు మళ్లీ కంపోజ్ చేయలేదు, పాత పలకలనే ఎక్కించారు.

ఆ మరుసటి ఏడాది కొడుకు జేమ్స్ బ్రిటన్ రాజుకు వ్యతిరేకంగా లేచిన జాకొబైట్ తిరుగుబాటులో చేరి పట్టుబడ్డాడు, అతనికి మరణశిక్ష పడింది. తండ్రి చేసిన ఆవిష్కరణను చూసి దయ చూపమని పలుకుబడి గలవాళ్లు అడగడంతో 1748లో విడుదలయ్యాడు. రాత్రిళ్లు కొడుకు కట్టిన పేజీలే కొడుకు ప్రాణం కాపాడాయి. లండన్ వెళ్లి కొడుకుతో కలిసి మళ్లీ పని మొదలుపెడదామని గెడ్ సామగ్రి మొత్తం లీత్ రేవులో ఓడకెక్కించాడు. తను బయల్దేరకుండానే 1749 అక్టోబరులో కన్నుమూశాడు.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే జర్మనీలోని హాలెలో తెలుగు అక్షరం తొలిసారి లోహంలోకి దిగింది. మద్రాసు నుంచి తిరిగి వెళ్లిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746-47లో అక్కడ తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగుకు పేజీని దాచుకోవాల్సిన అవసరం ఇంగ్లిషు కంటే ఎక్కువే. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాలతో తెలుగు టైపు కేసులు వందల గడులకు పెరిగిపోయాయి. ఒక పేజీ కట్టడం, విప్పడం రెండూ పెద్ద పనే. మన లెటర్‌ప్రెస్ రోజుల్లో ముహూర్తాల సీజన్ వస్తే శుభలేఖల పైభాగం మేటరును, వినాయకుడి బ్లాకుతో సహా, విప్పకుండా దారం కట్టి గ్యాలీలో ఉంచుకునేవారు. పేర్లు, తేదీ, ముహూర్తం మార్చి ట్రెడిల్ ఎక్కిస్తే కొత్త శుభలేఖ తయారు.

గెడ్ తర్వాత పేజీని దాచుకునే ప్రయత్నాలు మళ్లీ తల ఎత్తాయి. పారిస్‌లో ఫిర్మిన్ దిదో 1795లో లాగరిథమ్ పట్టికలు వేసేటప్పుడు దిద్దిన అంకె మళ్లీ కదలకుండా పేజీలను అడుగున అతికించాడు. తర్వాత లార్డ్ స్టాన్‌హోప్ ఇంగ్లండ్‌లో జిప్సం పద్ధతిని నిలబెట్టాడు. ఆ పైన కాగితపు గుజ్జు అచ్చులు వచ్చి దినపత్రికల రోటరీ యంత్రాలకు ప్రాణం పోశాయి. 1887లో అమెరికాలో టాల్‌బర్ట్ లాన్‌స్టన్ పేటెంటు పొందిన మోనోటైప్ ఇంకో అడుగు వేసింది. కీబోర్డు కొడితే కాగితపు చుట్ట మీద రంధ్రాలు పడేవి. పోత యంత్రం ఆ చుట్టను చివరి నుంచి మొదటికి చదువుతూ, వరస పొడవెంతో ముందే తెలుసుకుని అక్షరాలు పోసేది. అచ్చయ్యాక లోహం కరిగించేసి చుట్టను అలమరలో పెట్టుకుంటే చాలు. పేజీ స్థానంలో పేజీ చేయడానికి కావలసిన ఆదేశాలను దాచుకోవడం అక్కడ మొదలైంది. నేటి ప్రీసెట్‌కు దగ్గరి బంధువు ఎవరంటే నేను ఆ చుట్టనే చూపిస్తాను.

ఇక్కడి నుంచి కథ ఒక వరసలో నడవదు. 1985లో లేజర్‌రైటర్, పేజ్‌మేకర్ వచ్చాయి. 1993లో పీడీఎఫ్ వచ్చింది. దానితోపాటే వచ్చిన డిస్టిలర్ అమరికలు తర్వాత జాబ్‌ఆప్షన్స్ ఫైళ్లుగా చేతులు మారడం మొదలైంది. 1995లో యంత్రాల కంపెనీలు కొన్ని సీఐపీ3 పేరుతో కలిశాయి. పేజీ బొమ్మను చూసి ఏ జోన్‌లో ఎంత సిరా కావాలో లెక్కగట్టి ఆఫ్‌సెట్ మెషీన్ ఇంక్ కీలను ముందే తెరిచిపెట్టే ఏర్పాటు వాళ్లది. అంతకుముందు మెషీన్‌మన్ ప్లేటు వంక చూసి కళ్లతోనే అంచనా వేసేవాడు. 2001లో పీడీఎఫ్/ఎక్స్-1ఏ ప్రమాణం వచ్చింది. ఆ ఏడాదే విడుదలైన పేజ్‌మేకర్ 7 ఆ వరసలో ఆఖరిది. మన ఊళ్లలో అను ఫాంట్లతో కలిసి ఆ ఆఖరిదే చాలాకాలం రాజ్యం ఏలింది. ఇప్పటికీ దాన్ని వదలని సెంటర్లున్నాయి. పక్కనే యూనికోడ్, ఇన్‌డిజైన్ నడుస్తున్నాయి. ఒకచోట దాచిన అమరిక మరోచోట పనికిరాదు.

ఆ జాబ్‌ఆప్షన్స్ ఫైలును మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. పోస్ట్‌స్క్రిప్ట్ ధోరణిలో రాసిన వట్టి అక్షరాలే కనిపిస్తాయి. ఇన్‌డిజైన్‌తో వచ్చే ప్రెస్ క్వాలిటీనే తీసుకుంటే, రంగు బొమ్మ అంగుళానికి 450 పిక్సెల్స్ దాటితే 300కు దించుతుంది. వట్టి నలుపు-తెలుపు గీతల బొమ్మ 1800 దాటితే 1200కు దించుతుంది. స్మాలెస్ట్ ఫైల్ సైజ్ అయితే రంగు బొమ్మను 100కే కుదిస్తుంది. తెర మీద బాగానే ఉంటుంది, అచ్చులో మసకబారుతుంది. ప్రెస్ క్వాలిటీ అన్న పేరు చూసి అన్నీ అందులోనే ఉంటాయనుకుంటారు కానీ బ్లీడ్, కటింగ్ మార్కులు అందులో ఆన్ చేసి ఉండవు. శుభలేఖ అంచు రంగు కటింగ్‌లో తెల్లగీతగా తేలడానికి చాలాసార్లు ఇదే కారణం. తెలుగు విషయంలో ఇంకొకటి. ఇన్‌డిజైన్‌లో పేరాకు వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే యూనికోడ్ ఒత్తులు చెదిరిపోతాయి. ఏ డాక్యుమెంటూ తెరవకుండా ఆ ఎంపిక చేసిపెడితే ఆ తర్వాత తెరిచే ప్రతి కొత్త ఫైలుకూ అదే వర్తిస్తుంది. రెండు నిమిషాల పని, ఏళ్ల తరబడి సుఖం.

కేంబ్రిడ్జి పలకల్లో తప్పులు స్థిరపడినట్టే తప్పుగా చేసిన ప్రీసెట్‌లోనూ స్థిరపడతాయి. ఏ కాగితం, ఏ మెషీన్, ఏ ప్లేటు అన్నది తెలియకుండా అమెరికాలో ఎవరో చేసిపెట్టిన అమరికతో విజయవాడ ప్రెస్‌కు ఫైలు పంపడం నాకు సమ్మతం కాదు. ప్రీసెట్‌ను తయారుచేయాల్సినది మెషీన్ మీద నిలబడే మనిషి, ప్లేటు తీసే మనిషి, పేజీ కట్టే మనిషి ముగ్గురూ కలిసి కూర్చుని.

ప్రెస్ యజమానులకు నా విన్నపం ఒకటే. మీ మెషీన్‌కు, మీరు వాడే కాగితానికి సరిపోయే జాబ్‌ఆప్షన్స్ ఫైలును మీ ఆపరేటర్లతోనే చేయించండి. ఫైలు పేరులో మెషీన్, కాగితం, తేదీ రాసి ఉంచండి. మీ దగ్గరికి పని తెచ్చే ప్రతి డీటీపీ సెంటర్‌కూ ఆ ఫైలు ఇవ్వండి. డీటీపీ చేసేవారు దాన్ని అడిగి తీసుకోండి, ఒక పేజీ ప్రూఫు తీసి చూశాకే పుస్తకమంతా పంపండి.