చూపు కోసం పీయూష గ్రంథి

1922లో ఇన్సులిన్ వాడుకలోకి వచ్చాక మధుమేహ రోగులు బతికారు. ఎక్కువ కాలం బతికినందువల్లే కళ్ళకు ముప్పు వచ్చింది. అంతకుముందు 1850లలోనే, హెల్మ్‌హోల్ట్జ్ కనిపెట్టిన ఆఫ్తాల్మోస్కోపుతో వియన్నాలో ఎడువార్డ్ యేగర్ మధుమేహ రోగి రెటీనాలో మార్పులను వర్ణించాడు. గ్రేఫే వంటి ఉద్దండుడు రెండింటికీ సంబంధాన్ని శంకించాడు. అప్పటికది పండితుల వాదం. ఇన్సులిన్ తరువాత, పదిహేను ఇరవై ఏళ్ళు ఈ వ్యాధితో కాపురం చేసినవారిలో అదే అంధత్వమై ఎదురైంది.

1953లో డెన్మార్కు వైద్యుడు పౌల్సెన్ ఒక వింత ఉదంతాన్ని ప్రకటించాడు. కాన్పు తరువాత పీయూష గ్రంథి నశించిన ఒక మధుమేహ రోగి కంటిలో వ్యాధి వెనక్కి తగ్గింది. ఇటువంటి ఆధారాలతో, చూపు నిలపడానికి ఏకంగా ఆ గ్రంథినే తొలగించసాగారు. కొందరికి చూపు నిలిచింది. కాని జీవితాంతం హార్మోన్ మందులు, ఇన్సులిన్ కాస్త మించితే ప్రాణాపాయం. నేడు ఆ వైద్యులను తప్పుపట్టడం సులువే. వారి చేతిలో మరో సాధనం ఏదీ?

ఆ సాధనం జర్మనీ నుంచి వచ్చింది. 1945 సూర్యగ్రహణాన్ని చూసి కన్ను కాలిన రోగిని పరీక్షించిన మేయర్-ష్విక్కెరాత్, వెలుగుతోనే రెటీనాకు చికిత్స చేయవచ్చని ఊహించాడు. కాంతి చికిత్స తీవ్ర దృష్టినష్టాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని 1976లో అమెరికా పరిశోధన తేల్చింది. గ్రంథిని తొలగించే శస్త్రచికిత్స మూలపడింది.