ఉత్తరాధికార ధర్మం: కిష్కింధ నుండి ఓరుగల్లు వరకు

శ్రీ ఆంజనేయాయ నమః

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో, ముత్యంపేట గ్రామ సమీపాన, కొండగట్టుపై శ్రీ ఆంజనేయస్వామి నారసింహ వక్త్రంతోనూ స్వీయ వక్త్రంతోనూ భక్తులకు దర్శనమిస్తున్నాడు. తప్పిపోయిన పశువును వెదుకుతూ వచ్చిన సింగం సంజీవుడనే పశుల కాపరికి స్వామి మొదట సాక్షాత్కరించాడని స్థలపురాణం. చైత్ర పౌర్ణమినాడు దీక్షాపరులు వేలాదిగా గిరికి చేరుకుంటారు. బలాన్ని కోరేవారు, గ్రహబాధా నివారణను కోరేవారు, సంతానాన్ని కోరేవారు ఆ సన్నిధిలో సాగిలపడతారు. అయితే శ్రీమద్రామాయణంలో హనుమంతుడు తొలిసారి మనకు కనిపించేది సచివ రూపంలో అన్న సంగతిని మనం తరచుగా మరచిపోతాము. సముద్ర లంఘనానికి, లంకాదహనానికి ఎంతో పూర్వమే ఆయన ఒక రాజ్యభ్రష్టుని మంత్రి. ఆ రాజ్యం చెడిపోవడానికి కారణం ఒక్కటే: సింహాసనంపై ఉన్నవాని తరువాత ఎవరు అనే ప్రశ్నకు సమాధానం సకాలంలో సిద్ధం కాకపోవడం.

ఈ ప్రశ్న కిష్కింధతో ముగిసినది కాదు. కొండగట్టు ఉన్న ఈ భూభాగాన్ని ఏలిన కాకతీయుల చరిత్రలోనూ ఇదే ప్రశ్న మూడుసార్లు తలెత్తింది. ఒకసారి దైవికంగా గండం గడిచింది. ఒకసారి దూరదృష్టి రాజ్యాన్ని రక్షించింది. మూడవసారి రక్షించేవారు లేకపోయారు.

కిష్కింధ నేర్పిన పాఠం

మాయావిని తరుముతూ వాలి బిలంలో ప్రవేశించాడు. సుగ్రీవుడు ఏడాదికాలం బిలద్వారం వద్ద నిరీక్షించాడు. రక్తం వెలికి రావడం చూచి, అన్న మరణించాడని భ్రమించి, ద్వారాన్ని శిలతో మూసి వెనుదిరిగాడు. అతడు దాచదలచిన వార్తను మంత్రులు ఎలాగో గ్రహించి, అరాచకానికి భయపడి, అతనికే పట్టం కట్టారు. వాలి తిరిగివచ్చేసరికి తమ్ముడు సింహాసనంపై ఉన్నాడు. ఇక్కడ దురాశాపరుడెవరు? సుగ్రీవుడు రాజ్యాన్ని అపహరించలేదు, మంత్రులు ద్రోహం తలపెట్టలేదు. ప్రభువు రాజ్యాన్ని విడిచి వెళ్ళేటప్పుడు తదనంతర వ్యవస్థ ఏమిటో ఎవరికీ తెలియదు. తొందరపాటుతో జరిగిన ఒక్క పట్టాభిషేకం సోదరులను ఆజన్మ శత్రువులను చేసింది.

ఋశ్యమూకంపై సుగ్రీవుని పక్షాన భిక్షురూపంలో వచ్చిన హనుమను శ్రీరాముడు పరీక్షించిన తీరు గమనించదగినది. ఆయన కులగోత్రాలను అడగలేదు, బాహుబలాన్ని కొలవలేదు. మాటను విన్నాడు. వేదాధ్యయనం లేనివాడు ఇట్లా పలకజాలడని, వ్యాకరణాన్ని సమగ్రంగా అభ్యసించినవాడని, ఇంత మాటలాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదని, కనుబొమలలో గానీ ముఖంలో గానీ దోషం కానరాలేదని లక్ష్మణునితో చెప్పాడు. ఇటువంటి సచివుడు కలిగిన రాజు కార్యాలు సిద్ధించక ఎట్లా ఉంటాయని ప్రశంసించాడు. అధికారిని ఎన్నుకొనేవారికి ఇది ఆదర్శం. అధ్యయనం, వాక్శుద్ధి, ముఖంలో ప్రతిఫలించే అంతఃశుద్ధి, ఈ మూడూ ఒక్కచోట కలిసినప్పుడే విశ్వాసం పాదుకొంటుంది.

వాలివధానంతరం తారను ఊరడిస్తూ అంగదుని రాజ్యాభిషిక్తుణ్ణి చేయవలెనని హనుమ సూచించాడు. ఆ నిర్ణయాధికారం పినతండ్రిదని తార ప్రత్యుత్తరమిచ్చింది. తరువాత శ్రీరాముని ఆదేశంపై సుగ్రీవుడు రాజుగా, అంగదుడు యువరాజుగా ఒకే సందర్భంలో అభిషిక్తులయ్యారు. క్రితంసారి జరిగిన లోపం ఈసారి మొదటిరోజే సరిదిద్దబడింది. పైగా అంగదుని యౌవరాజ్యం నామమాత్రం కాలేదు. దక్షిణదిశకు వెళ్ళిన అన్వేషక బృందానికి అతడే నాయకుడు. గడువు మీరిపోయి, నిరాశతో అతడు తిరుగుబాటు ఆలోచన చేసినప్పుడు హనుమ నీతివాక్యాలతో దారికి తెచ్చాడు. సముద్రతీరాన దూకగలనేగానీ తిరిగిరాగలనో లేదో అని అంగదుడు సందేహించినప్పుడు, నాయకుణ్ణి ప్రమాదంలోకి పంపరాదని జాంబవంతుడు వారించి, హనుమకు స్వీయశక్తిని గుర్తుచేశాడు. చివరకు రావణసభకు రాయబారిగా వెళ్ళింది కూడా అంగదుడే. పదవి మొదట వచ్చింది, బాధ్యతలు క్రమక్రమంగా పెరిగాయి, పెద్దలు ప్రక్కనే నిలిచారు.

కౌటిల్యుని అర్థశాస్త్రం ఈ ధర్మాన్నే శాస్త్రరూపంలో నిబంధించింది. అమాత్యులను ధర్మ, అర్థ, కామ, భయోపధలనే నాలుగు పరీక్షలతో శోధించాలి. ధర్మోపధలో శుద్ధుడైనవానికి న్యాయవిచారణ, అర్థోపధలో నిలిచినవానికి కోశం, అన్నింటా నెగ్గినవానికి మంత్రిత్వం ఇవ్వాలి. రాజుకు ఒక్కడే కుమారుడున్నా, అతడు అవినీతుడైతే, అనగా శిక్షణ లేనివాడైతే, రాజ్యంపై నిలుపరాదని కౌటిల్యుడు నిర్మొహమాటంగా శాసించాడు.

పొలాస నుండి ఓరుగల్లుకు

జగిత్యాల సమీపంలోని పొలాస ఒకప్పటి పొలవాస. ఆ రాజ్యాన్ని ఏలిన మేడరాజును కాకతి రుద్రదేవుడు జయించినట్లు 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం చెబుతున్నది. ఆ విజయంతో ఈ సీమ కాకతీయుల ఏలుబడిలోకి వచ్చింది.

రుద్రదేవునికి పుత్రసంతానం లేదు. 1195 ప్రాంతంలో ఆయన తమ్ముడు మహాదేవుడు రాజయ్యాడు. నాలుగేళ్ళు తిరుగకముందే మహాదేవుడు దేవగిరి యాదవులతో జరిగిన పోరులో హతుడయ్యాడు. అతని కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు బందీగా చిక్కాడు. రాజు లేడు, వారసుడు చెరలో ఉన్నాడు, సామంతులు తలలెత్తుతున్నారు. ఆ విపత్కాలంలో రాజ్యభారాన్ని భుజాన వేసుకొన్నవాడు సేనాని రేచర్ల రుద్రుడు. పాలంపేటలో 1213లో రామప్ప దేవాలయాన్ని ప్రతిష్ఠించిన మహనీయుడు ఆయనే. తానే రాజు కాగల అవకాశం చేతికి అందివచ్చినా, బందీగా ఉన్న బాలుని సింహాసనాన్ని కాపాడి, విడుదలైనాక అతనికే అప్పగించాడు. కాకతి రాజ్యభారాన్ని మోసిన ధౌరేయుడని ఆయనకు కీర్తి దక్కింది. కానీ ఒక్క స్వామిభక్తుని సౌశీల్యంపై రాజ్యమంతా ఆధారపడిన స్థితి అది. అట్టివాడు లేకుంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

గణపతిదేవుడు ఆ గాయాన్ని మరువలేదని ఆయన పరిపాలనే చెబుతుంది. 1199 నుండి సుమారు ఆరు దశాబ్దాలు ఏలిన ఆ ప్రభువు యోగ్యులను ఏరుకోవడంలో శత్రుమిత్ర భేదాన్ని పాటించలేదు. దివిసీమను జయించినప్పుడు అక్కడి అయ్య వంశాన్ని నిర్మూలించక, ఆ వంశపు కన్యలను తాను వివాహమాడి, వారి సోదరుడైన బాలుడు జాయపను తనవెంట తెచ్చుకొన్నాడు. గుండామాత్యుని వద్ద నృత్యశాస్త్రం నేర్పించాడు. కాలక్రమంలో గజసాహిణిగా, అనగా గజసేనాధ్యక్షునిగా నియమించాడు. ఆ జాయపసేనాని తదనంతర కాలంలో నృత్తరత్నావళిని రచించి శాస్త్రలోకానికి మణిదీపమైనాడు. ఓడిన ఇంటి బిడ్డ గెలిచిన రాజ్యానికి స్తంభమయ్యాడు.

తండ్రి సంకల్పం, కుమార్తె ధార

అటువంటి దూరదర్శికి పుత్రులు లేరు. రుద్రమ, గణపాంబ అని ఇద్దరు కుమార్తెలు. గణపాంబను కోట వంశీయుడైన బేతరాజుకు ఇచ్చి, రుద్రమను తన అనంతర ప్రభువుగా గణపతిదేవుడు నిర్ణయించాడు. నిర్ణయాన్ని మరణశయ్య వరకు దాచి ఉంచలేదు. రుద్రదేవ మహారాజనే పురుషనామంతో ఆమె రాజకార్యాలలో ప్రవేశించింది. 1260 నాటికే తండ్రితో కలిసి పాలిస్తున్నది. శివదేవయ్య వంటి మంత్రివర్యులు, గంగయసాహిణి వంటి సేనానులు తండ్రి హయాం నుండే ఆమెకు పరిచితులు.

ఈ సహపాలనకు మల్కాపురం శిలాశాసనం సాక్ష్యం. శక సంవత్సరం 1183, అనగా క్రీ.శ. 1261లో వెలసిన ఆ శాసనం గోళకీమఠాధిపతి విశ్వేశ్వర శంభువుకు ఇచ్చిన దానాన్ని వివరిస్తుంది. శిష్యప్రభువైన గణపతిదేవుడు తన దీక్షాగురువుకు మందర గ్రామాన్ని సంకల్పించాడు. రుద్రమ ఆ సంకల్పాన్ని నెరవేర్చి, వెలంగపూడి గ్రామాన్ని తానుగా జోడించి ధారపోసింది. నేటి అమరావతి ప్రాంతంలోని మందడం, వెలగపూడి గ్రామాలివే. ఆ ఆదాయంతో ఆలయం, మఠం, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడిచాయి. ఋగ్యజుస్సామ వేదాలు బోధించే ముగ్గురు, శాస్త్రాలు బోధించే ఐదుగురు ఆచార్యులు, ఒక వైద్యుడు అక్కడ నియుక్తులయ్యారు. తండ్రి వాక్కును నిలబెట్టి, దానికి తనవంతు చేర్చడమే ఉత్తరాధికారి లక్షణమని ఈ ఒక్క శాసనం ఉపదేశిస్తుంది.

స్వీకర్త అయిన గోళకీమఠం కూడా ఈ ధర్మానికే నిదర్శనం. దుర్వాస మహర్షిని మూలపురుషునిగా తలచే ఆ శైవ పరంపరలో సద్భావశంభువు కలచురి యువరాజదేవుని నుండి మఠవృత్తిని స్వీకరించాడు. సోమశంభు, వామశంభు మొదలైన ఆచార్యుల మీదుగా అది విశ్వేశ్వరునికి చేరింది. అక్కడ రక్తసంబంధం లేదు, దీక్షాసంబంధమే వారసత్వం. కుమార్తెకు రాజ్యమిచ్చిన ప్రభువు అటువంటి పరంపరకు శిష్యుడు కావడం ఆలోచింపదగిన విషయం.

రుద్రమ మార్గం పూలబాట కాలేదు. స్త్రీ పాలనను సహించని స్వజనులే తిరుగబడ్డారని ఏకామ్రనాథుని ప్రతాపచరిత్ర కథనం. యాదవ మహాదేవుడు దండెత్తివచ్చి భంగపడ్డాడు. బీదరు కోటలో లభించిన శాసనం ఆమె విజయవ్యాప్తిని తెలుపుతున్నది. ముందే శిక్షణ, ముందే పరిచయం, ముందే ప్రకటన ఉన్నందువల్లనే ఆ తుఫానులకు ఆమె చలించలేదు.

ఆమె కూడా తండ్రి నడిచిన దారినే నడిచింది. పుత్రులు లేనందున కుమార్తె ముమ్మడమ్మ కుమారుడైన ప్రతాపరుద్రుని దత్తత స్వీకరించి, కుమార రుద్రదేవునిగా పాలనలో ప్రవేశపెట్టింది. 1289లో కాయస్థ అంబదేవునితో సంఘర్షణ సాగుతున్న సమయంలోనే ఆమె శివసాయుజ్యం పొందింది. నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనం ఆమెకూ, సేనాని మల్లికార్జున నాయునికీ పుణ్యలోకప్రాప్తిని కోరి చేసిన దానాన్ని తెలుపుతున్నది. రాణి, సేనాని ఇద్దరూ గతించినా రాజ్యం స్తంభించలేదు. సిద్ధంగా ఉన్న ప్రతాపరుద్రుడు సింహాసనమెక్కి, అచిరకాలంలోనే అంబదేవుణ్ణి అణచివేశాడు. 1199 నాటి గండంతో దీనిని పోల్చి చూస్తే గణపతిదేవుని దూరదృష్టి విలువ తెలుస్తుంది.

మూడవ ఘట్టం విషాదం. 1323లో ఉలూఘ్‌ఖాన్ సేనలకు ఓరుగల్లు వశమైంది. బందీగా ఢిల్లీకి కొనిపోబడుతూ ప్రతాపరుద్రుడు నర్మదాతీరాన దేహం చాలించినట్లు ప్రోలయనాయకుని విలస తామ్రశాసనం చెబుతున్నది. పదేపదే వచ్చిపడిన ఢిల్లీ దండయాత్రలే ఆ పతనానికి ప్రధాన కారణం. అయినా ఓరుగల్లు సింహాసనం చుట్టూ సామంతులందరినీ మళ్ళీ కూడగట్టగల అభిషిక్త యువరాజు ఆనాడు లేడు. తరువాత స్వాతంత్ర్యాన్ని సాధించిన ప్రోలయ, కాపయ నాయకులు మహావీరులే గానీ కాకతి వంశజులు కారు. రాజ్యం తిరిగి ఒక్కటి కాలేదు.

నేటికీ నిలిచిన సంప్రదాయం

సింహాసనాలు గతించినా పీఠాలలో ఈ ధర్మం సజీవంగా ఉన్నది. శృంగేరి శారదాపీఠంలో శ్రీ అభినవ విద్యాతీర్థ మహాస్వామివారు పలనాటి తెలుగు కుటుంబంలో జన్మించిన సీతారామాంజనేయులు అనే బ్రహ్మచారిని చేరదీసి, శాస్త్రాలు చెప్పి, 1974లో సన్న్యాసమిచ్చి ఉత్తరాధికారిని చేశారు. ఆ శ్రీ భారతీతీర్థ మహాస్వామివారు పీఠాధిపత్యం వహించినది 1989లో. ఆ పదిహేనేళ్ళు గురుసన్నిధిలో గడిచిన శిక్షణాకాలం. వారు కూడా 2015 జనవరిలో తిరుపతిలో జన్మించిన వేదవిద్యార్థికి సన్న్యాసమిచ్చి, శ్రీ విధుశేఖర భారతీస్వామిగా తమ ఉత్తరాధికారిని నిలిపారు. గురువు శక్తిమంతుడై ఉండగానే శిష్యుడు ప్రక్కన నిలుస్తాడు.

ఈ శ్రద్ధ లోపించినచోట జరిగే నష్టానికి వేదమే సాక్షి. పతంజలి మహాభాష్యం లెక్కించిన వేదశాఖలు 1131: ఋగ్వేదానికి 21, యజుర్వేదానికి 101, సామవేదానికి 1000, అథర్వవేదానికి 9. నేడు అధ్యయనంలో మిగిలినవి పదింటికి అటు ఇటు. ఒక శాఖకు చివరి అధ్యాపకుడు శిష్యుడు లేకుండా కన్నుమూసిన రోజున ఆ శాఖ అతనితోనే అంతరించింది. ఆలయంలో అర్చకుడైనా, ధర్మకర్త అయినా, పాఠశాలలో ఆచార్యుడైనా, ఇంట పూజాదికాలు నిర్వహించే గృహస్థుడైనా, తాను కూర్చున్న ఆసనం తనకు న్యాసంగా అప్పగింపబడినదని తెలుసుకోవాలి. న్యాసాన్ని అందుకొనే చేతిని సిద్ధం చేయనివాడు దానిని పోగొట్టుకొన్నవానితో సమానుడు.

కొండగట్టు మెట్లెక్కే భక్తుడు స్వామిని బలం కోరుకోవచ్చు, తప్పులేదు. దానితోపాటు, హనుమకు హనుమ బలాన్ని గుర్తుచేసిన జాంబవంతుని బుద్ధిని కూడా కోరుకోవాలి. తన ఇంట, తన ఊరి గుడిలో, తన వృత్తిలో తన తరువాత నిలువవలసినవాడు ఎవరో చూచుకొని, తాను బలంగా ఉన్న ఈనాడే వానికి పాఠం మొదలుపెట్టాలి.

స్వస్తి.