చమురు కారని అతుకు

ఘాటు రోడ్లు ఎక్కెడి కార్లకును, పందెములలో పరుగెత్తెడి కార్లకును కొందరు యజమానులు ఆయిల్ కూలరు అను పరికరమును విడిగా కొని బిగించుకొందురు. చూచుటకు ఇది చిన్న రేడియేటరు వంటిది. ఇంజనులోని కందెన చమురు ఒక గొట్టము ద్వారా దీనిలోనికి పోయి, గాలికి చల్లబడి, రెండవ గొట్టము ద్వారా తిరిగి వచ్చును. చమురు వేడెక్కిన కొలది పలుచబడును. 30వ నంబరు చమురునకు 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనున్న చిక్కదనములో 100 డిగ్రీల వద్ద తొమ్మిదవ వంతో, పదవ వంతో మాత్రమే మిగులును. అంతకు మించి పలుచబడనీయకుండుటకే ఈ పరికరము. ఉద్దేశము మంచిదే. కాని బిగించిన కొన్నాళ్లకు, తెల్లవారి లేచి చూచునప్పటికి, కారు క్రింద నేలపై నల్లని చుక్క కనబడుట పలువురికి అనుభవము.

చుక్కను చూచిన యజమాని మొట్టమొదట చేయు పని పానా తీసికొని అందిన నట్టునెల్ల బిగించుట. మరునాటికి చుక్క పెద్దదగును. మరల బిగించును. తుదకు అల్యూమినియపు మర తెగును, లేదా రబ్బరు నలిగి చిట్లును. కారుట ఆపుటకు బిగింపే మందు అను నమ్మకము చాల పాతది. అది పొరపాటని రెండు వందల ఏండ్లకు పూర్వమే లండనులోని ఒక కర్మశాలలో తేలిపోయినది.

చుక్కయే కదా యని ఊరకుండుటకును వీలులేదు. ఇంజను నడచునపుడు పంపు చదరపు సెంటిమీటరునకు మూడు నాలుగు కిలోగ్రాముల పీడనముతో చమురును నెట్టుచుండును. నిలిచియున్నపుడు చుక్కగా కారినది పరుగులో ధారయగును. ఇంజనులో ఉండునది నాలుగైదు లీటర్లే. అది పోయినచో బేరింగులకును, తిరుగు ఇరుసునకును నడుమనున్న చమురు పొర పోయి, లోహము లోహమును పట్టివేయును. కాలుచున్న పొగగొట్టముపై చమురు పడి అంటుకొనిన కారే దగ్ధము కావచ్చును.

లండను కర్మశాల జోసెఫ్ బ్రామా అనునతనిది. ఇతడు 1748లో యార్క్‌షైరులో పుట్టెను. వడ్రంగి పని నేర్చి, తరువాత దొంగలకు లొంగని తాళములు చేయుటలో పేరు పొందెను. 1795లో జలపీడన యంత్రమునకు పేటెంటు తీసికొనెను. మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించునని పాస్కల్ చెప్పిన సూత్రమే దానికి ఆధారము. సన్నని పిస్టనును చేతితో నొక్కినచో లావుపాటి పిస్టను టన్నుల బరువును ఎత్తవలెను. హైస్కూలు విద్యార్థులు బల్లపై గీయు బొమ్మయే అది.

శాస్త్రము సరిగానే ఉన్నది. యంత్రము మాత్రము పని చేయలేదు. లావు పిస్టనుకును, సిలిండరుకును నడుమ సందులో నుండి నీరు చిమ్మెను. ఆ కాలపు ఆవిరియంత్రములలో చేయునట్లే బ్రామా ఆ సందులో నార కూరి, పైన మూత పెట్టి బిగించెను. కొంచెము బిగించిన నీరు ఆగలేదు. నీరు ఆగునంతగా బిగించినచో, నార పిస్టనును ఎంత గట్టిగా పట్టుకొనెననగా, పీడనము తీసివేసిన తరువాత కూడ అది క్రిందికి దిగి రాలేదు. కారని యంత్రము కదలదు, కదిలెడి యంత్రము కారును! పాస్కల్ సూత్రము చదివిన వారెవ్వరికిని తోచని చిక్కు ఇది.

దీనిని విడదీసినవాడు బ్రామా వద్ద పని చేయుచుండిన హెన్రీ మాడ్‌స్లే అని, ఆ తరువాత మాడ్‌స్లేకు సహాయకుడుగా చేరిన జేమ్స్ నాస్మిత్ చెప్పియుండెను. మాడ్‌స్లే 1771లో పుట్టి, వూలిచ్ ఆయుధశాలలో పని నేర్చి, పదునెనిమిదేండ్ల ప్రాయమున బ్రామా కొలువులో చేరినవాడు. అతడు నారను తీసివేసి, అంచు మడచిన తోలు పట్టీని సిలిండరు గోడలోని గాడియందు అమర్చెను. మడత తెరచియున్న వైపు నీటి వైపునకు ఉండును. నీరు తోసినపుడు ఆ మడత విచ్చుకొని, ఒక పెదవి సిలిండరును, రెండవ పెదవి పిస్టనును అదుముకొనును. పీడనము పెరిగిన కొలది అదుము పెరుగును. పీడనము పోయినచో తోలు సడలి పిస్టనును వదలిపెట్టును. బయటికి పారిపోజూచు నీటిచేతనే తలుపు మూయించుట! ఇంతటి పనివాడు కొంతకాలమునకు వారమునకు ముప్పది షిల్లింగుల జీతము చాలుటలేదని అడుగగా, బ్రామా పెంచుటకు ఒప్పుకొనలేదు. 1797లో మాడ్‌స్లే వెళ్లిపోయి సొంత కర్మశాల పెట్టుకొనెను.

ఈ తోలు కిటుకును చూచుటకు మ్యూజియమునకు పోనక్కరలేదు. సైకిలు పంపును విప్పినచో కడ్డీ చివర గిన్నె ఆకారపు తోలు వాషరు కనబడును. క్రిందికి నొక్కునపుడు గాలియే దానిని విప్పి గొట్టమునకు అదుమును; పైకి లాగునపుడు అది ముడుచుకొని ప్రక్కనుండి గాలిని లోనికి రానిచ్చును. తోలు ఎండి బిగుసుకొన్న పంపు గాలి కొట్టదు. రెండు చుక్కల నూనె వేసి మెత్తపరచినచో కొట్టును. పల్లెలలోని బోరింగు పంపులలోను గిన్నె వాషర్లే నీటిని పైకి తెచ్చినవి. వాషరు అరిగిన పంపును ఎంత బలముగా కొట్టినను నీరు రాదని ఊరిలోని ఆడవారందరికిని తెలియును.

మోటారు కార్లు వచ్చిన తొలిదినములలో చమురు కారుటను ఎవ్వరును తప్పుగా ఎంచలేదు. ఆనాటి ఇంజనులు పెక్కింటిలో చమురు చుక్కచుక్కగా పడి, పని ముగిసి, నేలపాలగుచుండెడిది. పంపుతో ఒత్తి బేరింగులకు చమురు పంపు పద్ధతి 1890ల నాటి ఆవిరియంత్రములలో స్థిరపడి, క్రమముగా కార్లలోనికి వచ్చెను. 1923లో అమెరికాలో స్వీట్‌లాండ్, గ్రీన్‌హాల్ష్ అనువారు కారు చమురును వడగట్టు ఫిల్టరునకు పేటెంటు తీసికొనిరి. ఫిల్టరు వచ్చినదనగా ఇంజను బయట మరియొక అతుకు వచ్చినదన్నమాట. 1950ల మధ్యకాలమునకు డబ్బా వలె త్రిప్పి బిగించు ఫిల్టర్లు వచ్చెను. నేటి ఆయిల్ కూలరు సాధారణముగా ఆ డబ్బాకును, ఇంజనునకును మధ్య దూర్చిన పలక నుండియే చమురును తీసికొనును. ఒక అతుకు ఉన్నచోట రెండయినవి. గొట్టముల కొనలు కలుపుకొన్నచో ఆరు.

ఆ పలకలోని రబ్బరు వలయము కథ నీల్స్ క్రిస్టెన్సెన్‌ది. 1865లో డెన్మార్కులో పుట్టి, 1891లో అమెరికా చేరి, ట్రాముబండ్లకు గాలి బ్రేకులు చేయుటలో జీవితము గడపినవాడు. వృద్ధాప్యములో కార్ల ద్రవ బ్రేకులపై పని చేయుచు, గుండ్రని రబ్బరు వలయమును గాడిలో ఉంచి చూచెను. వలయమును వాడుట అతనికి పూర్వము లేకపోలేదు. 1896లోనే స్వీడనులో లుండ్‌బర్గ్ అనునతడు పేటెంటు తీసికొనియుండెను. క్రిస్టెన్సెన్ కనుగొనినది గాడి కొలత. గాడి లోతు వలయపు లావుకంటె కొంచెము తక్కువగా ఉండవలెను. అప్పుడు మూత పడగానే రబ్బరు కొంచెము నలుగును. గాడి వెడల్పు మాత్రము ఎక్కువగా, రబ్బరు కదలుటకు చోటుండునట్లు ఉండవలెను. చమురు తోసినపుడు వలయము గాడి అవతలి గోడకు జరిగి, అచ్చట ఒరిగి, సందును మూసివేయును. రబ్బరు ఆకారము మార్చుకొనును గాని ఘనపరిమాణము దాదాపు మార్చుకొనదు. కనుక తనపై పడిన పీడనమును ద్రవమువలెనే నలువైపులకు పంచును. పాస్కల్ సూత్రమునకు ఆటంకమైన అతుకు, ఇచ్చట ఆ సూత్రముచేతనే మూతపడినది.

1937లో, 72 ఏండ్ల వయసున, క్రిస్టెన్సెన్ పేటెంటుకు దరఖాస్తు పెట్టెను. 1939లో అది మంజూరయ్యెను. విమానముల చక్రములను ముడుచు ద్రవయంత్రములలో ఈ వలయము ఎంతో ఉపకరించినది. అమెరికా యుద్ధములో దిగిన తరువాత ప్రభుత్వము దీనిని యుద్ధావసర వస్తువుగా ఎంచి, తయారీదారులందరికిని వాడుకొను హక్కు నిచ్చి, అతనికి 75,000 డాలర్లు చెల్లించెను. అతడు 1952లో మరణించెను. మరి 1,00,000 డాలర్లు అతని వారసులకు ముట్టినది 1971లో. కోట్ల యంత్రములలో దాగియున్న వస్తువునకు ఇది పెద్ద మూల్యమని ఎవ్వరును అనజాలరు.

వలయమునకు ఆకారమొక్కటే చాలదు, గుణమును కావలెను. సహజ రబ్బరు పెట్రోలియము నూనెలో ఉబ్బి మెత్తబడిపోవును. 1930లలో జర్మనీలో తయారైన నైట్రైలు రబ్బరు నూనెకు తట్టుకొన్నది. 1957లో అమెరికాలో వచ్చిన ఫ్లోరిను రబ్బరు నూనెకును, 200 డిగ్రీల వేడికిని తట్టుకొన్నది. నీటికిని, బ్రేకు ద్రవమునకును శ్రేష్ఠమైన ఇ.పి.డి.ఎం. రబ్బరు మాత్రము ఇంజను చమురులో ఉబ్బి పాడగును. వీటిలో పెక్కు నల్లగనే ఉండుట వలన దుకాణములో చేతికి వచ్చిన నల్లని వలయమును వేసి, పది దినములు కారక, పదునొకండవ దినమున కారిన కూలర్లు కలవు. చలి మరియొక శత్రువు. చల్లని రబ్బరు గట్టిపడి, కదలిన అతుకును వెంటనే అనుసరింపలేదు. 1986 జనవరి 28న ఛాలెంజరు వ్యోమనౌక ఏడుగురితో కూలిపోయినది, చలిలో గట్టిపడిన ఇటువంటి పెద్ద వలయము వేడి వాయువును ఆపలేకపోవుటచేతనే. విచారణ సంఘము ఎదుట ఫైన్‌మన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు వలయపు ముక్కను నొక్కిపట్టి మంచునీటి గ్లాసులో ముంచి, బయటికి తీసి, అది వెంటనే పూర్వరూపము పొందకపోవుట చూపెను. చలికాలపు ఉదయమున కారు కదలింపగానే కారి, వేడెక్కిన తరువాత ఆగిపోవు చమురునకును ఇదే ఒక కారణము. చల్లని చమురు చిక్కగా ఉండి పీడనము హెచ్చుగా ఉండు సమయముననే రబ్బరు మిక్కిలి మొండిగా ఉండును.

ఇక గొట్టముల కొనలు. ఇచ్చటి తగాదా మాడ్‌స్లే వద్ద కొంతకాలము పని చేసిన జోసెఫ్ విట్‌వర్త్ నాటిది. ఏ కర్మశాల మర ఆ కర్మశాలకే సరిపోవుచున్న రోజులలో, 1841లో అతడు మర పల్లు కోణము 55 డిగ్రీలుండవలెనని ప్రతిపాదించెను, బ్రిటను అంగీకరించెను. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్, 60 డిగ్రీలయినచో చేయుట సులభమని వాదించెను. అమెరికా అతని వెంట నడచెను. గొట్టముల మరలును అట్లే రెండు వంశములయినవి. మన ఇండ్ల కుళాయిలు బ్రిటిషు వంశమువి. చిత్రమేమనగా, అర అంగుళపు గొట్టమునకు రెండు వంశములలోను అంగుళమునకు 14 చుట్లే. కనుక ఒక దేశపు కూలరు నోటిలోనికి మరియొక దేశపు కొన మూడు నాలుగు చుట్లు హాయిగా ఎక్కును, పట్టినట్లే ఉండును, పల్లు మాత్రము ఒకదానినొకటి పూర్తిగా తాకవు. ఆ సందు చుట్టుమెట్టువలె లోనినుండి బయటివరకు పోవును. అట్లే, విమానపు గొట్టముల శంకువు కొనల కోణము 37 డిగ్రీలు, కార్ల గొట్టములది 45. ఒకదానిపై మరియొకటి కూర్చున్నచో తాకునది ఒక సన్నని గీత మాత్రమే. వీటిని పానా సరిచేయజాలదు.

విడిగా కొనిన కూలరు కారుటకు ఇందుచేతనే అవకాశమెక్కువ. ఇంజను ఒక దేశపు కొలతలది, పలక మరియొక దుకాణమునది, గొట్టము మూడవ చోటిది. పాత ఫిల్టరు తీసినపుడు దాని రబ్బరు ఇంజనుకు అంటుకొని మిగిలిపోవుటయు కలదు. దానిపై క్రొత్త రబ్బరు కూర్చున్నచో రెండును కలిసి జారును. పలక వలయపు వ్యాసము ఆరు సెంటిమీటర్లనుకొన్నచో, నాలుగు కిలోగ్రాముల పీడనమునకు పలకను త్రోయు బలము నూరు కిలోగ్రాములకు మించును. వలయము గాడిలో సరిగా కూర్చున్నదా, లేదా అన్నది అప్పుడు తేలిపోవును.

చమురు కనబడినచోటు కారుచున్నచోటు కాకపోవచ్చును. అది భూమ్యాకర్షణచే క్రిందికిని, పరుగునందలి గాలిచే వెనుకకును పోవును. అందుచేత తెలిసిన మెకానిక్కు పానాను ప్రక్కన పెట్టి, మొదట అతుకులన్నిటిని కడిగి, తుడిచి, పొడిగా చేసి, వాటిపై తెల్లని పౌడరు చల్లి ఇంజనును కొద్దిసేపు నడపును. తడిసిన చోట్లలో ఎత్తుగను, ముందుగను ఉన్నదానినే పట్టుకొనును. అచ్చట ఇంజను ఆపి, చల్లారనిచ్చి, విప్పి చూచును. వలయము తెగినదా, ఉబ్బినదా, ఒక ప్రక్క మాత్రమే నలిగినదా? మరపై రెండు మూడు చుట్లు మాత్రమే మెరుగెక్కినవా? వలయమైనచో చమురునకు తగిన క్రొత్తది, కొంచెము చమురు పూసి, గాడిలో ఉంచును. మరయైనచో అదే వంశపు కొనను తెప్పించును. తరువాత చమురు మట్టము చూచి, తక్కువైనది పోసి, కారు క్రింద ఒక తెల్లకాగితము పరచి వెళ్లిపోవును. మరునాటి ఉదయము, ఇంజను చల్లగా ఉండగానే నడిపి, ఆ కాగితమును చూచును.