ప్రవహించే నీటిలో కేంద్రక అనునాదం: 1951 నాటి బెంగళూరు ప్రయోగం

అయస్కాంత అనునాద చిత్రణ చరిత్రను చెప్పేవారు 1946 నుంచి 1973కు ఒక్క అంగలో దాటిపోవడం పరిపాటి. ఆ నడుమ, 1951లో, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన జి. సూర్యన్ ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. దాని స్థానమేమిటో పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

అయస్కాంత క్షేత్రంలో ఉంచిన నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలలో స్వల్పమైన ఆధిక్యం క్షేత్రదిశకు మొగ్గుతుంది. రేడియో తరంగం ఆ ఆధిక్యాన్ని చెదరగొడుతుంది. అది తిరిగి ఏర్పడడానికి పట్టే వ్యవధికి కొలమానమే సడలింపు కాలం (టి1); శుద్ధజలంలో అది కొన్ని సెకన్లు. ‘సడలింపు’ అనే మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. కేంద్రకాలు అలసి విశ్రమించడం లేదు. పరిసర అణువులకు శక్తినిచ్చి సమతాస్థితికి చేరుతున్నాయి.

తొలి పరిశోధకులకు ఈ కాలం ఒక అడ్డంకి. 1936లో డచ్ శాస్త్రవేత్త గోర్టర్ అనునాదాన్ని పట్టుకోలేకపోవడానికి ఆయన నమూనాలలో సడలింపు మరీ నెమ్మదిగా సాగడం ఒక కారణమని తరువాతివారు భావించారు. 1945లో పర్సెల్ బృందం పారాఫిన్ మైనాన్ని ముందుగానే గంటల తరబడి క్షేత్రంలో ఉంచింది. బ్లాక్ నీటిలో ఇనుప లవణం కలిపి ఆ కాలాన్ని తగ్గించాడు. తరంగం బలమైతే కేంద్రకాలు కోలుకోక సంకేతం క్షీణిస్తుంది. దీనినే సంతృప్తత అంటారు.

సూర్యన్ ఇదే స్థితిని మరొక వైపు నుంచి చూశాడు. విద్యుదయస్కాంత ధ్రువాల మధ్య ‘యు’ ఆకారపు గొట్టాన్ని అమర్చి, అందులో నీటిని ప్రవహింపజేశాడు. నిశ్చలంగా ఉన్నప్పటికంటే ప్రవహిస్తున్నప్పుడు సంకేతం బలపడింది. సంతృప్తమైన కేంద్రకాలు తీగచుట్టను వదలి వెళ్ళిపోతుంటే, వాటి స్థానంలోకి తాజా కేంద్రకాలు వస్తున్నాయి. అంటే ప్రవాహం సడలింపు చేయవలసిన పనిలో కొంత తానే చేస్తున్నది. ఇక సంకేతబలాన్ని బట్టి వేగాన్ని అంచనా వేయవచ్చు.

1959లో అమెరికాలో సింగర్ ఎలుకతోకలోని రక్తప్రవాహాన్ని అనునాదంతో కొలిచాడు. 1971లో డమేడియన్ ఎలుకల కణితులలో సడలింపు కాలం దీర్ఘమని ప్రకటించాడు. 1973లో లాటర్బర్ తన తొలి చిత్రాల వ్యాసంలోనే, మాంగనీసు లవణం కలిసిన నీటినీ కలవని నీటినీ సంతృప్తత ద్వారా వేరుచేసి చూపాడు. అడ్డంకి అప్పటికి సాధనమైంది.

నేడు నెల్లూరు జిల్లా వెంకటాచలం నుంచి మెదడు రక్తనాళాల పరీక్షకు నెల్లూరుకో చెన్నైకో వెళ్ళే రోగికి, రంగుమందు ఎక్కించకుండానే నాళాల చిత్రం తీయగల పద్ధతి ఉంది. పదేపదే తరంగాలు తాకి సంతృప్తమైన కణజాలం నల్లబడుతుంది. అప్పుడే లోపలికి వచ్చిన రక్తం తెల్లగా మెరుస్తుంది. గొట్టానికి బదులు ధమని, నీటికి బదులు రక్తం, సూత్రం అదే.

అయితే సూర్యన్‌ను ఎం.ఆర్.ఐ. సృష్టికర్తగా నిలబెట్టడం చరిత్ర కాదు, అభిమానం. ఆయన చిత్రాలు తీయలేదు. ఆ ప్రయోగం వైద్యానికి సంబంధించినదీ కాదు. ప్రవాహానికీ సడలింపుకూ గల సంబంధాన్ని తొలినాళ్ళలోనే ప్రయోగపూర్వకంగా చూపినవాడిగా ఆయన పేరు ఉండాలి. ప్రవాహ చిత్రణపై విదేశీ సమీక్షావ్యాసాలు ఆ పేరును ఉదహరిస్తూనే ఉన్నాయి. మూలవ్యాసం వెలువడింది, రామన్ 1934లో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారి ప్రొసీడింగ్స్ ‘ఎ’ విభాగం 33వ సంపుటంలో. 107వ పుట నుంచి చదువుకోవచ్చు.