గడ్డం సబ్బూ, కోలారు నీళ్లూ

కోలారు బంగారాన్ని గురించి చరిత్రకారులు రాశారు, కార్మిక నాయకులు రాశారు, ఈమధ్య సినిమావాళ్లు తమకు తోచింది చూపించారు. నేను రాయబోయేది గడ్డం సబ్బును గురించి. బోడిగుండుకూ మోకాలికీ ముడివేస్తున్నాడని పాఠకులు నవ్వుకోవద్దు. మా జిల్లాలో సబ్బు నురగకూ గనులకూ నిజంగానే సంబంధం ఉంది. ఆ రెంటినీ కలిపేవి నీళ్లు.

ముందు పల్లె సంగతి చెప్పాలి. ములబాగలు, శ్రీనివాసపురం తాలూకాల్లో మంగలి ఊరి ఆయగాళ్లలో ఒకరు. కళ్లంలో మేర కొలిచి ఇస్తే ఏడాది పొడుగునా క్షవరం. ఆయన అడపంలో కత్తి, సానరాయి, తోలుపట్టీ, చిన్న గిన్నె, పటిక ముక్క ఉండేవి. సబ్బు ఉండేది కాదు. నీళ్లు చల్లి, గడ్డం నానేదాకా వేళ్లతో రుద్దడంలోనే పనితనమంతా. తిరుపతి కల్యాణకట్టలో లక్షలమందికి గుండు గీసేదీ వట్టి నీళ్లతోనే గదా! సబ్బు లేనిదే కత్తి ఆడదనేది సబ్బులు అమ్మకానికి వచ్చాక పుట్టిన మాట.

అయితే ఒకటి దాచకూడదు. మేర కింద చేసే ఆ క్షవరం ఊరందరికీ కాదు. దళితవాడకు ఆ కత్తి వెళ్లేది కాదు. ఊరిబావి నీళ్లూ అంతే.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ గనులు చేపట్టాక కొత్త ఊళ్లు లేచాయి. తమిళ జిల్లాలనుంచీ, చిత్తూరు వైపునుంచీ, మా పల్లెలనుంచీ జనం దిగారు. వారిలో దళితులే ఎక్కువ. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. బేతమంగల దగ్గర పాలారు మీది చెరువు నీళ్లను వడకట్టి, గొట్టాల్లో గనుల ఊళ్లకు పంపే ఏర్పాటు కూడా అయింది. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట వీధుల్లో డబ్బు పుచ్చుకొని గీసే షాపులు వెలిశాయి. మేర పోయి రొక్కం వచ్చింది. అడపం పోయి కుర్చీ, అద్దం, బ్రష్షు వచ్చాయి. గనులకు పోయాకనే తన గడ్డానికి మొదటిసారి ఇంకొకరి చేత్తో సబ్బు అంటిందని మా ఊరి పెద్దాయన ఒకరు చెప్పేవారు. ఆ మాట ఆయన నవ్వుతూనే చెప్పేవారు గాని, వినేవాళ్లకు నవ్వు వచ్చేది కాదు.

కొళాయి నీళ్లు ఎందుకు ముఖ్యమో చెబుతాను. వానకు నిండిన చెరువు నీళ్లు మెత్తన. రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి ఉండి పైకొచ్చిన బోరునీళ్లలో సున్నం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. అవి సబ్బులోని కొవ్వును పట్టుకొని కరగని తెల్లటి తెట్టు చేస్తాయి. ఆ తెట్టు కట్టడం ముగిసేదాకా నురగ రాదు. మా ఇళ్లలో దీన్ని కందిపప్పుతో కనిపెట్టేవారు: పప్పు ఉడకని నీళ్లలో సబ్బూ కరగదు. వాటిని ఉప్పునీళ్లు అనేస్తాం గాని దోషం ఉప్పుది కాదు, సున్నానిది.

ఇక సబ్బుల మాట. నేను గీసుకోవడం మొదలుపెట్టిన రోజుల్లో మావైపు మూడురకాల అలవాట్లుండేవి. ఇంగ్లండులోని వారింగ్టన్‌లో పుట్టిన ఇరాస్మిక్ కడ్డీ ఒకటి. తడిపిన గడ్డం మీద నేరుగా రుద్దేది. పరిమళం కొంచెం ఘాటు, నురగ దట్టం. రెండోది గోద్రెజ్ గుండ్రటి బిళ్ల. గోద్రెజ్‌వారు 1920కి ముందే జంతుకొవ్వు లేని సబ్బు చేసి అమ్మినవాళ్లు. ఆ సంగతి మా ఇళ్లల్లో పెద్దలకు ముఖ్యం. గిన్నెలో పెట్టి బ్రష్షు తిప్పితే నిదానంగా లేచే నురగ. వాసన గుర్తుండేది కాదు, కాని గీసిన తర్వాత చర్మం మంటలేకుండా మిగిలేది.

మూడోది అసలు గడ్డం సబ్బే కాదు, మైసూరు శాండల్ స్నానపు సబ్బు. మొదటి ప్రపంచయుద్ధంలో చందనపు చెక్క యూరపుకు పోవడం ఆగిపోతే, మైసూరు ప్రభుత్వం 1916లో బెంగళూరులో తైలం తీయించింది. అక్కడే 1918లో సబ్బు ఫ్యాక్టరీ పెట్టింది. ఎస్.జి. శాస్త్రిగారు ఆ పరిమళాన్ని సబ్బులో నిలబెట్టారు. వాసనకు దీని సాటి మరొకటి లేదు. కాని గడ్డానికి పనికిరాదు. ఒళ్లు తోముకునే సబ్బు నురగ తేలిక, త్వరగా ఆరుతుంది. కత్తి రెండోసారి వచ్చేసరికి చర్మం బిగిసి ఉంటుంది. గడ్డం సబ్బులో స్టియరిక్ ఆమ్లం ఎక్కువ, సోడాతోబాటు పొటాష్ కూడా కలుస్తుంది. అందుకని నురగ తడిగా నిలుస్తుంది. మా నాన్న మాత్రం చివరిదాకా శాండలే వాడారు. ఆయనకు నునుపు కంటే వాసన ముఖ్యం.

ఈ మూడింటినీ నేను బేతమంగల కొళాయి నీళ్లతోనూ, మా ఊరి బోరు నీళ్లతోనూ, పట్టి ఉంచిన వాననీళ్లతోనూ వాడి చూశాను. ప్రయోగశాల లెక్కలు కావివి, నా బుగ్గల లెక్కలు. కొళాయి నీళ్లలో ఇరాస్మిక్, గోద్రెజ్ దాదాపు సమానం. వాననీళ్లలో శాండల్ కూడా మర్యాదగా పొంగింది. బోరునీళ్లలో మూడూ ఓడిపోయాయి. బ్రష్షు మొదట్లో పిండిలాంటి తెట్టు, చర్మం మీద జిగురు. ఆ నీళ్లనే కాచి, తేర్చి వాడితే గోద్రెజ్ కొంత తేరుకుంది. గిన్నె అడుగున సున్నపు పొర మిగిలింది. ఏ సబ్బు మంచిదని అడిగితే ఏ ఊరి నీళ్లని తిరిగి అడగడమే నాకు తెలిసిన జవాబు.

గనులు 1956లో ప్రభుత్వపరమయ్యాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయ్యాయి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. షిఫ్టు వేళలకు కిటకిటలాడిన షాపుల్లో చాలావరకు తలుపులు వేసుకున్నాయి. మారికుప్పం నుంచి తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కేవాళ్లకు గొట్టంలోంచి పిండుకునే క్రీము చాలు. పల్లెల్లో చెరువులు ఎండి, బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. చాలాచోట్ల ఆ నీళ్లలో ఫ్లోరైడు. గడ్డం మాట అటుంచి, తాగడానికే భయం.

2018 జూన్‌లో కోరమంగల-చల్లఘట్ట లోయలో శుద్ధిచేసిన బెంగళూరు మురుగునీటిని మా జిల్లా చెరువులకు మళ్లించారు. మొదట అందుకున్నది లక్ష్మీసాగర చెరువు. మరుసటి నెలలోనే నీటి మీద తెల్లని నురగ లేచింది. బెంగళూరు ఇళ్లలో బట్టలూ గిన్నెలూ తోమిన పొడుల శేషం అది. సబ్బు వేసినా నురగ రాని నేలమీద సబ్బు లేకుండానే నురగ! హైకోర్టు కొంతకాలం ఆ నీళ్లను ఆపించింది, తర్వాత మళ్లీ వదిలారు. చెరువులు నిండి చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పైకొచ్చాయని కొందరు రైతులు సంతోషించారు; నేనూ కాదనను. కాని ఆ చెరువు నీళ్లు ఇంకి చేరేది మేం తాగే బోరులోకే. అందుకే మూడో దశ శుద్ధి కూడా చేసి వదలమని జిల్లావాళ్లు అప్పటినుంచీ అడుగుతున్నారు.