ఒక తల్లి అడిగిన ప్రశ్న

నేడు మనము స్మరింపదలచినది నార్వే దేశపు వైద్యుడు ఆస్బ్యోర్న్ ఫోలింగ్‌ను. వైద్యమునకు ముందు ఆయన రసాయనశాస్త్రము నభ్యసించెను.

1934లో ఓస్లో నగరమున ఒక తల్లి ఆయన నాశ్రయించినది. ఆమె బిడ్డలిరువురికిని మనోవికాసము కుంటుపడినది. వారియొద్ద ఏదో వింతవాసన. కారణమేమని ఎందరు వైద్యుల నడిగినను ఆమెకు సమాధానము దొరకలేదు. ఫోలింగ్ ఆ మాటను త్రోసిపుచ్చలేదు. బిడ్డల మూత్రమున ఫెర్రిక్ క్లోరైడు కలుపగా ఆకుపచ్చవన్నె పుట్టినది. అందుకు మూలము ఫినైల్ పైరువిక్ ఆమ్లమని ఆయన ఎంతో శ్రమించి తేల్చెను. పిదప బుద్ధిమాంద్యులగు 430 మందిని పరీక్షింపగా ఎనమండుగురియందు అదియే కనబడినది.

మాంసకృత్తులలోని ఫినైల్ అలనీను దేహమున సరిగా మార్పుచెందక పేరుకొని, మెదడును చెఱచును. తల్లిదండ్రు లిరువురినుండియు సంక్రమించు లోపమిది. ఆ పదార్థమును తగ్గించిన ఆహారము మేలు చేయునని 1953లో బర్మింగ్‌హామ్ వైద్యులు ప్రకటించిరి. అయితే శైశవముననే ఆరంభింపవలెను. 1963లో అమెరికా వైద్యుడు రాబర్ట్ గత్రీ ప్రకటించిన పరీక్షతో, పసికందు మడమనుండి తీసిన నెత్తుటిచుక్కలే వ్యాధిని తెలుపసాగెను.

ఆ తల్లి బిడ్డలకు మాత్రము కాలము మించిపోయినది. అయినను ఆమె ప్రశ్న ఎందరో తల్లుల కడుపుకోతను తప్పించినది. విన్న వైద్యుని తలచునపుడు, విసుగక అడిగిన తల్లిని మనము మరువరాదు.