మోటుపల్లి అభయము

మధ్యధరా సముద్రతీరమున, ఫ్రాన్సు దేశపు నీస్ నగరములో నెగ్రెస్కో అను హోటలు కలదు. రుమేనియాలో జన్మించిన హెన్రీ నెగ్రెస్కో దానిని 1913లో తెరచెను. గులాబివన్నె గుమ్మటము, మిలమిలలాడు స్ఫటికదీపములు, రాజులకును కోటీశ్వరులకును తగిన శయనాగారములు: వైభవమునకు కొరత లేదు. కాని మరుసటి యేడే మహాయుద్ధము వచ్చెను. ఆ హోటలు గాయపడిన సైనికులకు ఆసుపత్రి ఆయెను. నెగ్రెస్కో ఆస్తి పోగొట్టుకొని 1920లో మరణించెను.

దూరదేశమునుండి వచ్చిన అతిథికి మొదట కావలసినది మెత్తని పరుపు కాదు, అభయము. ఈ మాట మన తీరమున ఏడు వందల యేండ్లకు పూర్వమే రాతిమీద చెక్కబడినది. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములనుండి కార్తిక మాసమున సూర్యలంకకు సముద్రస్నానమునకు పోవు కుటుంబములు అనేకము. ఆ రాతిని చూచినవారు మాత్రము కొలదిమంది.

బాపట్లనుండి చీరాల మీదుగా పోయినచో మోటుపల్లి చేరుదుము. నేడది చిన్న పల్లె. కాకతీయుల నాడు పేరుమోసిన రేవు. అచ్చటి వీరభద్రస్వామి ఆలయమున గణపతిదేవ చక్రవర్తి శాసనస్తంభము కలదు. అది శాలివాహన శకము 1166, అనగా క్రీస్తుశకము 1244-45 నాటిది.

గాలివాన యనగా నేమో ఈ తీరమువారికి మేము చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను తలచుకొన్న చాలును. పూర్వము ఓడ గాలికి కొట్టుకొని వచ్చి పరాయి తీరమున చిక్కినచో, అందలి సరకునంతను అచ్చటి రాజులు పట్టుకొనెడివారు. వర్తకుడు ప్రాణములతో బయటపడినను బికారి యగును. గణపతిదేవుడు ఆ పద్ధతిని విడిచెను. ప్రాణములకు తెగించి కడలి దాటువారిపై దయతో, క్లుప్తశుల్కము తప్ప మరేమియు తీసికొనబోమని ప్రకటించెను. క్లుప్తశుల్కమనగా ముందే నిర్ణయించిన సుంకము. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొక వంతు. గంధము, కర్పూరము, ముత్యములు మున్నగువాని సుంకములను విడివిడిగ చెక్కించెను. అడుగువాడు ఎంత యడుగునో అని వర్తకుడు భయపడ పనిలేదు.

ఆ శతాబ్దము చివర, మధ్యధరా సముద్రపు పాయయగు ఆడ్రియాటిక్ తీరమునగల వెనిస్ నగరపు మార్కోపోలో తన గ్రంథమున మోటుపల్లిని ముత్ఫిలి యని పేర్కొనెను. అచ్చటి రాణి న్యాయపాలనను, వజ్రములను, సాలెగూడువంటి పలుచని వస్త్రములను కొనియాడెను. ఆ రాణి గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి యని చరిత్రకారుల అభిప్రాయము.

కాకతీయుల తరువాత రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో మోటుపల్లిలోనే మరియొక శాసనము వేయించెను. వచ్చి కాపురముండు వర్తకులకు నేల యిత్తుమనియు, పోదలచిన వారిని నిర్బంధింపమనియు మాట యిచ్చెను. ఉండుమని పిలుచుట సులభము. పోవువానిని సంతోషముతో పోనిచ్చుటయే ఆతిథ్యమునకు పరీక్ష.

మేము ఆ స్తంభము ముందు నిలిచిన నాడు రేవు లేదు, ఓడలు లేవు, అలల చప్పుడు మాత్రము వినవచ్చెను. ఈ యేడు సూర్యలంకకు పోవు శ్రోతలు మరికొంత దూరము పోయి, పిల్లలకు ఆ రాతిని చూపుదురు గాక. అపరిచితునికి మన పెద్దలిచ్చిన మాట అచ్చట ఇంకను నిలిచియున్నది.